మొదటిసారి లైవ్ జాజ్ వినబోతున్నవారికి: ఆ ఆనందం ఎక్కడ పుడుతుంది, ఏం వినాలి

మీరు జెర్సీ సిటీలో ఉంటున్నారు. మీ స్నేహితుడు న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్‌లో కచేరీకి మీకూ కలిపి టికెట్ తీసుకున్నాడు. ముందుగా కాస్త అలవాటు చేసుకుందామని ఫోన్‌లో పెట్టి వింటే పది నిమిషాలకే విసుగొచ్చింది. "ఎవరి దారిన వాళ్ళు వాయించుకుంటున్నట్టుంది. వెళ్ళడం దండగ అవుతుందా? వెళ్తే ఏం వినాలి? మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు, త్యాగరాజ కీర్తనలు బాగా వింటారు, ఆవిడను కూడా తీసుకెళ్ళొచ్చా?" అని అడిగారు.

తప్పకుండా వెళ్ళండి. నేను చిన్నప్పుడు విజయవాడలో మృదంగం నేర్చుకున్నాను. ఉద్యోగం కోసం అమెరికా వచ్చాక డ్రమ్స్ నేర్చుకుని, చాలా ఏళ్ళుగా ఇక్కడ మా ఊళ్ళో ఒక బిగ్ బ్యాండ్‌లో, అంటే పెద్ద జాజ్ బృందంలో, వాయిస్తున్నాను. వాయించడం కంటే వినడమే ఎక్కువ చేశాను. ఆ చనువుతో వివరంగా చెబుతాను, కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి.

ఫోన్‌లో విసుగు రావడం సహజం. జాజ్‌లో సగం సంగతి రికార్డులోకి ఎక్కదు. మనం సినిమా పాట వినేటప్పుడు ఆ పాట ఎప్పుడో పూర్తయింది. ట్యూన్ కట్టారు, పల్లవి కుదిరింది, ఏ వయొలిన్ ఎక్కడ రావాలో కాగితం మీద రాశారు, వాయించి మిక్స్ చేసి మన చేతికిచ్చారు. జాజ్ కచేరీకి వెళ్ళి కూర్చునేసరికి ఆ రోజు సంగీతం ఇంకా తయారై ఉండదు. ట్యూన్ ఉంటుంది, తాళం ఉంటుంది, కార్డుల వరస ఉంటుంది (కార్డు అంటే ఒకేసారి కలిపి మోగించే కొన్ని స్వరాలు). మిగతాదంతా వేదిక మీదున్న నలుగురు వాద్యకారులూ మీ కళ్ళ ముందే తేల్చుకోవాలి. శాక్సఫోన్ వాయించే ఆయన ఒక స్వరం దగ్గర ఆగుతాడు. ఆ ఖాళీలో పియానో ఏం వేస్తుంది? డ్రమ్మర్ దాన్ని ఎత్తుకుంటాడా, వదిలేస్తాడా? అవన్నీ అప్పటికప్పుడు తీసుకునే నిర్ణయాలు. ఒకరి నిర్ణయానికి మిగతా ముగ్గురూ ఒక్క క్షణంలో సరే అని, దానికి ఇంకొంచెం కలిపి తిరిగి ఇస్తుంటారు. జాజ్ కచేరీ నుంచి మనిషి తేలికపడి బయటికి రావడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. నలుగురు మనుషులు ఒకరినొకరు అంత శ్రద్ధగా వినడం మనం రోజూ చూడం. అది చూస్తూ కూర్చుంటే మనలో కూడా ఏదో విచ్చుకుంటుంది.

ఇక ఏం వినాలన్నది. ముందు ఒక చిన్న లెక్క తెలిస్తే ఎవరి దారిన వాళ్ళు వాయిస్తున్నారన్న అనుమానం పోతుంది. చాలా పాత జాజ్ పాటలు 32 బార్ల కొలతలో ఉంటాయి, బార్‌కి నాలుగు దెబ్బలు. ఎనిమిదేసి బార్ల ముక్కలు నాలుగు. మొదటి ముక్క వస్తుంది, రెండోసారి మళ్ళీ అదే వస్తుంది, మూడోది వేరే దారి పడుతుంది, నాలుగోసారి తిరిగి మొదటి ముక్క దగ్గరికి వస్తారు. బ్లూస్ అనే రకం పాట అయితే 12 బార్లే. మొదట అందరూ కలిసి ట్యూన్ వాయిస్తారు, దాన్ని 'హెడ్' అంటారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ సోలో తీసుకుంటారు. ట్యూన్ వినబడదు గానీ దాని కింద ఉన్న 32 బార్లూ, వాటిలోని కార్డులూ అదే వరసలో మళ్ళీ మళ్ళీ తిరుగుతూనే ఉంటాయి. ఒక్కో చుట్టును 'కోరస్' అంటారు. అందరి సోలోలూ అయ్యాక మళ్ళీ హెడ్ వాయించి ముగిస్తారు.

కాబట్టి మీరు చేయాల్సిన పని ఒకటుంది. సోలో మొదలయ్యాక కూడా మొదట విన్న ట్యూన్‌ను మనసులో పాడుకుంటూ ఉండండి. మొదట్లో జారిపోతుంది, జారిపోతే పోనివ్వండి. మూడో ముక్క దగ్గర అందరూ కలిసి మలుపు తిరుగుతారు కదా, అక్కడ మళ్ళీ దొరుకుతుంది. ఒక్కసారి అది దొరికిందంటే మీకు కచేరీ మొత్తం మారిపోతుంది. శాక్సఫోన్ ఆయన అటూ ఇటూ తిరిగి తిరిగి, సరిగ్గా ట్యూన్ మొదలయ్యే చోటికే వచ్చి దిగినప్పుడు ఒంట్లో ఒక జలదరింపు పుడుతుంది. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు పాడుతూ, కీర్తన మొదలయ్యే చోటికి వచ్చి మళ్ళీ కీర్తన అందుకున్నప్పుడు మన సభల్లో జనం తల ఊపుతారే, అదే ఆనందం. మీ అమ్మగారికి ఇది మీకంటే ముందే తెలుస్తుంది.

ఇంకో సలహా: సోలో వాయించేవాళ్ళనే చూడకండి. నేను డ్రమ్మర్‌ని కాబట్టి ఇలా అంటున్నానని అనుకోవద్దు, బాగా వినేవాళ్ళెవరైనా ఇదే చెబుతారు. మొదటి పాటలో బేస్ మీద దృష్టి పెట్టండి. ఆ మనిషంత ఎత్తున్న చెక్క వాద్యం మీద రెండు వేళ్ళతో దెబ్బకొక స్వరం చొప్పున ఆపకుండా నడిపిస్తుంటారు. దాన్ని 'వాకింగ్' అంటారు, నిజంగానే నడకలా ఉంటుంది. రికార్డులో, ముఖ్యంగా ఫోన్ స్పీకర్‌లో, ఈ బేస్ దాదాపు వినబడదు. మీకు విసుగు రావడానికి సగం కారణం అదే అయుండాలి. కింద నేల తీసేసి పైన గంతులు మాత్రం వినిపిస్తే ఎవరికైనా అయోమయంగానే ఉంటుంది. చిన్న గదిలో ఆ బేస్ చెవికి కంటే ముందు ఛాతీకి తగులుతుంది.

రెండో పాటలో డ్రమ్మర్ కుడిచేతిని చూడండి. పెద్ద తాళం లాంటి రైడ్ సింబల్ మీద 'టింగ్, టింగ్-క-టింగ్' అని ఒక నడక నడుస్తుంటుంది. స్వింగ్ అనే జాజ్ ఊపు ముందు అక్కడే తెలుస్తుంది. ఎడమకాలి కింద హై-హ్యాట్ అని రెండు పళ్ళేలు 'చిక్' మని మూసుకుంటాయి, బార్‌లో రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ. మీరు కాలు ఆడిస్తే ఒకటికీ మూడుకీ పడుతుంది, మనకు సమం మీద దెబ్బ వేయడం అలవాటు కదా. రెండుకీ నాలుగుకీ వేసి చూడండి, ఒళ్ళే ఊగడం మొదలుపెడుతుంది. ఇక ఎడమచేయి స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద చేసేదంతా సంభాషణ. సోలో వాయించేవాళ్ళు ఒక మాట అంటే ఆ చెయ్యి 'ఊ' కొడుతుంది, ఒక్కోసారి వాదిస్తుంది, ఒక్కోసారి ముందుకు తోస్తుంది. పియానో కూడా సోలో వెనక ఇదే పని చేస్తుంది. ఎక్కడ కార్డు వేయాలి, ఎక్కడ చెయ్యి తీసేయాలి అన్నదే అక్కడ విద్య. ఎంతసేపు ఏమీ వాయించకుండా ఊరుకోగలరన్నదాన్ని బట్టి మంచి పియానిస్టులను గుర్తుపట్టవచ్చు.

సెట్, అంటే ఒక విడత కచేరీ, చివరికొచ్చేసరికి తరచుగా ఒక ఘట్టం వస్తుంది. సోలో వాయించేవాళ్ళు నాలుగు బార్లు, డ్రమ్మర్ నాలుగు బార్లు, మళ్ళీ వాళ్ళు, మళ్ళీ ఇతను, ఇలా మార్చుకుంటారు. 'ట్రేడింగ్ ఫోర్స్' అంటారు. మన కచేరీల్లో తాళవాద్యాల వంతైన తని ఆవర్తనంలో మృదంగం, ఘటం ఒకరి తర్వాత ఒకరు వాయించుకుంటూ కొలత సగానికి సగం తగ్గించుకుంటూ వచ్చే చోటు మనకు తెలుసు కదా, దానికి దగ్గరి చుట్టం ఇది. అప్పుడు వాళ్ళ మొహాలు చూడండి. ఎదుటివాడు ఊహించని ముక్క వేసినప్పుడు పగలబడి నవ్వేస్తారు. ముప్పై ఏళ్ళుగా కలిసి వాయిస్తున్నవాళ్ళు కూడా ఒకరి మాటకు ఒకరు ఆశ్చర్యపోవడం చూస్తే ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను.

మీరు అడగలేదు గానీ ఇది చెప్పాలి: జాజ్‌లో వినేవాళ్ళకు కూడా పని ఉంది. ఇది ఊరికే మర్యాదకు అంటున్న మాట కాదు. 1956 జూలై 7 రాత్రి రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్‌లో పియానిస్టు, స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ పెద్ద బ్యాండ్ వాయించింది. అప్పటికి ఎల్లింగ్టన్ వయసు 57. పెద్ద బ్యాండ్ల కాలం అయిపోయిందనీ, ఆయన రోజులు కూడా అయిపోయాయనీ అనుకుంటున్న సమయం. బాగా పొద్దుపోయింది, జనం లేచి వెళ్ళిపోతున్నారు. ఎల్లింగ్టన్ 1937లో తాను రాసిన రెండు బ్లూస్ ముక్కలు ఎత్తుకున్నాడు. ఆ రెండింటి మధ్య టెనర్ శాక్సఫోన్ వాయించే పాల్ గొన్సాల్వెస్‌ని లేపి, సోలో వాయించమన్నాడు. 12 బార్ల బ్లూస్ చుట్టు. ఒకటి వాయించాడు, రెండు, మూడు, ఆపలేదు. బేస్, డ్రమ్స్ కింద నుంచి వదలకుండా తోస్తున్నాయి. వేదిక అంచు దగ్గర కౌంట్ బేసీ బ్యాండ్ పాత డ్రమ్మర్ జో జోన్స్ కూర్చుని, చుట్టిన న్యూస్ పేపర్‌తో తాళం వేస్తూ బ్యాండ్‌ని రెచ్చగొడుతున్నాడు. ముందు వరుసల్లో నల్లటి గౌను వేసుకున్న ఒకావిడ లేచి నాట్యం మొదలుపెట్టింది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళు లేచారు. వెళ్ళిపోతున్నవాళ్ళు వెనక్కి తిరిగారు, కుర్చీలెక్కి నిలబడ్డారు. వాళ్ళ అరుపులు గొన్సాల్వెస్‌లోకి, అతని ఊపు వాళ్ళలోకి. జనం అదుపు తప్పుతారేమోనని ఫెస్టివల్ నిర్వాహకుడు జార్జ్ వీన్‌కి భయం పట్టుకుంది. మొత్తం 27 కోరస్‌లు వాయించి గాని గొన్సాల్వెస్ ఆగలేదు.

27 చుట్లంటే 324 బార్లు. కాగితం మీద చూస్తే అదొక సాదా బ్లూస్. అందులో గొప్ప సాంకేతిక విన్యాసం ఏమీ లేదనే విమర్శకులు కూడా ఉన్నారు. నా దృష్టిలో వాళ్ళు వెతకవలసినది వేరే చోట ఉంది. ఆ సోలోను ఒక్క గొన్సాల్వెస్ వాయించలేదు. ఆవిడ నాట్యం చేయకపోతే, జో జోన్స్ పేపర్‌తో తాళం వేయకపోతే అది ఏడో చుట్టులోనో ఎనిమిదో చుట్టులోనో ముగిసిపోయి ఉండేది. అదే ఏడాది ఆగస్టులో ఎల్లింగ్టన్ బొమ్మ టైమ్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. ఆ తర్వాత ఆయన బ్యాండ్ వెనక్కి తిరిగి చూడలేదు. ఇంకో విశేషం, ఆ ఊపులో గొన్సాల్వెస్ రికార్డింగ్ కంపెనీ మైకులోకి కాకుండా పక్కనే ఉన్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకులోకి ఊదాడు. అందుకే మొదట వచ్చిన రికార్డులో అతని శాక్సఫోన్ దూరంగా వినబడుతుంది. ఆ రేడియో టేపు దొరికాక రెండూ కలిపి 1999లో మళ్ళీ విడుదల చేశారు. వెళ్ళే ముందు ఇంట్లో ఏదైనా ఒకటి వినాలనుకుంటే అది వినండి, మంచి హెడ్‌ఫోన్స్‌లో. సోలో మధ్యలో జనం గోల ఎలా పెరుగుతుందో గమనించండి.

మీరు వెళ్తున్న చోటికీ ఇలాంటి చరిత్ర ఉంది. విలేజ్ వాన్‌గార్డ్‌ను మాక్స్ గోర్డన్ 1935లో మొదలుపెట్టాడు. సెవెంత్ అవెన్యూ సౌత్‌లో ఎర్ర తలుపు, నిటారుగా దిగే మెట్లు, కింద త్రికోణం లాంటి చిన్న నేలమాళిగ. 123 మంది పడతారు. 1961 జూన్ 25, ఆదివారం, అక్కడే బిల్ ఎవాన్స్ పియానో, స్కాట్ లాఫారో బేస్, పాల్ మోషియన్ డ్రమ్స్ వాయించారు. మధ్యాహ్నం, రాత్రి కలిపి ఐదు సెట్లు రికార్డు చేశారు. అంతవరకు పియానో ముందు నడిస్తే బేస్ వెనక నడిచేది. ఆ ముగ్గురూ సమానంగా మాట్లాడుకున్నారు. లాఫారో తాళం అంటిపెట్టుకుని ఉండకుండా పియానోకు ఎదురు పాట పాడాడు, ఎవాన్స్ అతనికి చోటిచ్చాడు. సరిగ్గా పదకొండో రోజున, జూలై 6న, లాఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. అతనికి 25 ఏళ్ళు. ఎవాన్స్ చాలా నెలలు జనం ముందు వాయించలేకపోయాడు. ఆ రికార్డుల్లో గ్లాసుల చప్పుడు, జనం మాటలు ఇప్పటికీ వినబడతాయి. ఆ రోజు అక్కడ కూర్చున్నవాళ్ళకు తాము ఏం వింటున్నారో తెలిసి ఉండదు. రేపు మీరు వినబోయేది కూడా ఎలాంటిదవుతుందో ఇప్పుడెవరూ చెప్పలేరు, అందుకనే చెవులు రిక్కించి వినమంటున్నాను.

తప్పుల గురించి కూడా ఒక మాట. మన దగ్గర కచేరీలో తాళం తప్పితే మొహాలు మాడిపోతాయి. నేను నేర్చుకున్న పద్ధతీ అదే, దాని విలువ నాకు తెలుసు. జాజ్‌లో తప్పును వదిలేసి ముందుకు పోవడమే కాదు, దాన్నే దారిగా మార్చుకుంటారు. 1960లో వెస్ట్ బెర్లిన్ కచేరీలో జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ అప్పట్లో బాగా ఆడుతున్న ఒక పాట ఎత్తుకుని, మధ్యలో మాటలు మర్చిపోయింది. ఆపలేదు. మర్చిపోయానన్న సంగతినే అప్పటికప్పుడు మాటలు కట్టి తాళంలో పాడింది, ఆ పాటను అంతకుముందు పాడినవాళ్ళ పేర్లు కూడా ఇరికించింది, మధ్యలో జాజ్ గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతును అనుకరించింది. వేల మంది ఆవిడతో కలిసి నవ్వారు. ఆ రికార్డుకు గ్రామీ వచ్చింది. పొద్దున లేస్తే డెడ్‌లైన్లు, రివ్యూలు, ఎక్కడ తప్పు దొర్లుతుందోనన్న టెన్షన్‌తో బతికే మనలాంటివాళ్ళకు ఇలాంటి చోట ఒక సాయంత్రం గడపడం చాలా మంచిది. తప్పు జరిగినా పక్కవాడు పట్టుకుంటాడన్న నమ్మకం వాళ్ళ మొహాల మీద కనిపిస్తుంది. మా బ్యాండ్‌లో వాయించేటప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ నమ్మకమే.

అయితే జాజ్ అంటే ఎప్పుడూ హుషారుగా ఉంటుందని అనుకుని వెళ్ళకండి. ఆ ఉల్లాసం తేలిగ్గా వచ్చింది కాదు. ఇది అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో, బానిసత్వం నుంచి బయటపడిన నల్లవారి పిల్లలు, మనవలు కట్టుకున్న సంగీతం. అక్కడి కాంగో స్క్వేర్ అనే మైదానంలో బానిసలు ఆదివారాలు చేరి తమ డప్పులు వాయించుకుంటూ, ఆటలు ఆడుకునేవారు. ఆ ఊళ్ళో శవయాత్రకు బ్యాండ్ వెళ్తుంది. శ్మశానానికి వెళ్ళేటప్పుడు నెమ్మదిగా, శోకంగా వాయిస్తారు. పెట్టెను సాగనంపాక తిరిగి వచ్చేటప్పుడు డ్రమ్ము జోరందుకుంటుంది, బాకాలు లేస్తాయి, దారిన పోయేవాళ్ళు కూడా గొడుగులు, రుమాళ్ళు ఊపుతూ వెనక నాట్యం చేస్తూ వస్తారు. ఆ వెనక వచ్చే గుంపును 'సెకండ్ లైన్' అంటారు. దుఃఖాన్ని దాచకుండా, ముందు పూర్తిగా వాయించి, ఆ తర్వాతనే సంతోషంలోకి వెళ్తారు. మీరు వినబోయే సెట్‌లో కూడా మధ్యలో ఒక నెమ్మది పాట, బ్యాలడ్, వచ్చే అవకాశం ఎక్కువ. డ్రమ్మర్ కర్రలు పక్కన పెట్టి తీగల కుంచెలు తీసుకుని డ్రమ్ము మీద వలయాలుగా రాస్తుంటాడు. మనసులో ఏదైనా బరువుంటే అప్పుడు అది పైకి వస్తుంది. రానివ్వండి. తర్వాత వచ్చే జోరు పాటకు అప్పుడే అర్థం ఉంటుంది. నా జీవితంలో బాగా కుంగిపోయిన రోజుల్లో నన్ను నిలబెట్టినవి ఇలాంటి సెట్‌లే, అందుకే ఇంతగా చెబుతున్నాను.

మీ ఇంట్లో కర్ణాటక సంగీతం వినిపిస్తూ ఉంటుంది కాబట్టి మీకు కొంత లాభం ఉంది, ఒక చిక్కూ ఉంది. లాభం తాళం దగ్గర. పియానిస్టు డేవ్ బ్రూబెక్ నలుగురి బృందం 1959 ఆల్బమ్‌లో, అందులో శాక్సఫోన్ వాయించే పాల్ డెజ్మండ్ కట్టిన ఐదు దెబ్బల ట్యూన్ విని అమెరికా అంతా వింతగా చెప్పుకుంది. ఐదు లెక్కల ఖండచాపు తాళం విని పెరిగినవాళ్ళకు అందులో అంత వింతేమీ ఉండదు. బ్రూబెక్ కూడా దానికి ముందు 1958లో మన దేశం వెళ్ళి అక్కడి తాళాలు విని వచ్చినవాడే. చిక్కు ఏమిటంటే, మనం రాగం వెతుకుతాం. ఒక స్వరాన్ని ఆధారంగా పట్టుకుని, రాగం కాని స్వరం పడితే అపస్వరం అంటాం. జాజ్‌లో అడుగున కార్డు మారుతుంటుంది, కార్డు మారినప్పుడల్లా ఏ స్వరం నప్పుతుంది, ఏది నప్పదు అన్న లెక్క మారుతుంది. ఒక క్షణం క్రితం గరుకుగా తగిలిన స్వరమే, కింద కార్డు మారగానే తియ్యగా అయిపోతుంది. గరుకు వినబడగానే మొహం తిప్పుకోకుండా రెండు దెబ్బలు ఆగండి, అది ఎక్కడికి వెళ్ళి దిగుతుందో చూడండి. ఈ రెండు సంగీతాల మధ్య హాయిగా నడిచిన మన పాలకొల్లు బిడ్డ ఒకరున్నారు, మాండొలిన్ శ్రీనివాస్. పద్నాలుగేళ్ళ వయసులో, 1983లో, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో కర్ణాటక సంగీతం వాయించి అక్కడి జనాన్ని కట్టిపడేశారు. తర్వాత 'రిమెంబర్ శక్తి'లో జాన్ మెక్‌లాగ్లిన్ గిటార్‌తో, జాకిర్ హుస్సేన్ తబలాతో కలిసి ఏళ్ళ తరబడి ప్రపంచమంతా తిరిగారు. మెక్‌లాగ్లిన్ అంతకుముందు జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ రికార్డుల్లో వాయించినవాడు. ఆ కచేరీల వీడియోల్లో శ్రీనివాస్ మొహంలో చిరునవ్వు చూడండి. నేను పైన చెప్పిందంతా అందులో కనిపిస్తుంది. 2014లో 45 ఏళ్ళకే ఆయన పోవడం ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక వెళ్ళే సంగతులు. గ్రోవ్ స్ట్రీట్‌లో 33వ స్ట్రీట్ వైపు వెళ్ళే పాత్ రైలు ఎక్కి క్రిస్టఫర్ స్ట్రీట్‌లోనో నైన్త్ స్ట్రీట్‌లోనో దిగితే కొద్దిపాటి నడక. వాన్‌గార్డ్‌లో రాత్రికి రెండు సెట్లు, ఎనిమిదికి ఒకటి, పదికి ఒకటి. దేని టికెట్ దానిదే. సీటు నంబర్లు ఉండవు, ముందు వచ్చినవాళ్ళకు ముందు చోటు, కాబట్టి తలుపు తీసే సమయానికే అక్కడ ఉండండి. డ్రమ్స్, బేస్ కనిపించే చోటు అడిగి కూర్చోండి. భోజనం దొరకదు, తినేసి వెళ్ళండి. ఒక డ్రింక్ తీసుకోవాలన్న నియమం ఉంటుంది. మందు తాగనివాళ్ళకు సోడా, జ్యూస్ ఇస్తారు, ఎవరూ వింతగా చూడరు. ఫోన్ జేబులో పెట్టేయండి. ఫోటోలు, వీడియోలు అక్కడ ఒప్పుకోరు. అది మంచి నియమం, ఎందుకంటే రికార్డు చేసే చేతులు చప్పట్లు కొట్టలేవు. సోలో అయిపోగానే పాట నడుస్తుండగానే చప్పట్లు కొట్టవచ్చు, కొట్టాలి. నచ్చితే మన భేష్ లాగా నోటితో ఒక మాట అనవచ్చు. బ్యాలడ్‌లో, బేస్ సోలోలో మాత్రం ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకోవాల్సినంత నిశ్శబ్దం పాటిస్తారు. అయిపోయాక వాయించినవాళ్ళు అక్కడే పక్కన నిలబడి ఉంటారు. వెళ్ళి నచ్చిందని చెప్పండి. ఇంత పేరున్నవాళ్ళు మనతో మాట్లాడతారా అని మొహమాటపడొద్దు, సంతోషంగా మాట్లాడతారు.

ఆ స్నేహితుడు ఇంకోసారి పిలిస్తే సోమవారం వెళ్దామనండి. 1966 ఫిబ్రవరిలో ట్రంపెట్ వాయించే థాడ్ జోన్స్, డ్రమ్మర్ మెల్ లూయిస్ కలిసి ఒక పెద్ద బ్యాండ్ పెట్టి అక్కడ సోమవారాలు వాయించడం మొదలుపెట్టారు. మిగతా రోజుల్లో స్టూడియోల్లో, వేరే బ్యాండ్లలో పని చేసుకునే వాద్యకారులు వారానికి ఒక్క రాత్రి తమ ఇష్టం కోసం చేరేవారు. థాడ్ జోన్స్ డెన్మార్క్ వెళ్ళిపోయాడు, మెల్ లూయిస్ 1990లో పోయాడు, బ్యాండ్ మాత్రం వాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా అనే పేరుతో ఇప్పటికీ సోమవారాలు వాయిస్తూనే ఉంది. ఐదు శాక్సఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, పియానో, బేస్, డ్రమ్స్. పదహారు మంది ఆ చిన్న నేలమాళిగలో ఒక్కసారిగా వాయిస్తే ఆ గాలి నిజంగా మొహానికి తగులుతుంది. బిగ్ బ్యాండ్‌ను అంత దగ్గరగా వినే చోటు ఇంకొకటి నాకు తెలియదు. మీలాగే విసుగొస్తుందేమో అనుకునేవాళ్ళను నేను ఎక్కువగా సోమవారమే తీసుకెళ్తాను.

మీ అమ్మగారి విషయం. తప్పకుండా తీసుకెళ్ళండి, కానీ మొదటిసారి వాన్‌గార్డ్‌కి వద్దు. ఆ మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులుంటే దిగడం, ఎక్కడం కష్టం. కుర్చీలు ఇరుకు, కాళ్ళు చాపుకోవడానికి ఉండదు. కొలంబస్ సర్కిల్‌లో జాజ్ ఎట్ లింకన్ సెంటర్ వాళ్ళ డిజ్జీస్ క్లబ్ ఉంది. లిఫ్ట్‌లో ఐదో అంతస్తుకు వెళ్ళడమే. వేదిక వెనక పెద్ద గాజు గోడ, అందులోంచి సెంట్రల్ పార్క్ కనిపిస్తుంది. భోజనం కూడా పెడతారు, శాకాహారం ఏముందో బుక్ చేసేటప్పుడే చూసుకోండి. గాయని ఉన్న రోజు చూసి, లేదా పియానో, బేస్, డ్రమ్స్ మాత్రమే ఉండే ట్రయో రోజు చూసి తీసుకెళ్ళండి. ట్రంపెట్లు ఎక్కువ ఉంటే దగ్గరగా కూర్చున్నవాళ్ళకు మొదటిసారి చెవులకు భారంగా ఉంటుంది. మొదటి సెట్ చాలు, మరీ రాత్రి కాకుండా ఇంటికి చేరతారు. వెళ్ళే ముందు ఆవిడకు ఒకే ఒక్క మాట చెప్పండి: ఇక్కడ ట్యూన్ మన కీర్తన లాంటిది, సోలో మన కల్పనస్వరం లాంటిది, చివరికి మళ్ళీ కీర్తన దగ్గరికే వస్తారు. మిగతాది ఆవిడ చెవికే తెలుస్తుంది. ఆవిడ ఒడిలో చెయ్యి తాళం వేయడం మొదలుపెడితే ఆపకండి, అక్కడ చాలామంది బల్లల మీద వేళ్ళతో అదే పని చేస్తుంటారు. మీరిద్దరూ వెళ్ళొచ్చాక, ఏ రోజు ఎవరి సెట్ విన్నారో ఇక్కడ రాయండి. ఆవిడకు ఏ వాద్యం నచ్చిందో చెబితే, తర్వాత ఎవరిని వినిపించాలో చెబుతాను.